వంత కోసం ఆగిన గొంతు

ఈ పాపం మీదే, దీపమాలినీ నగర పెద్దల్లారా. మౌనభైరవుడి సంగతి తరవాత చూద్దాం. వాడు మాంత్రికుడు, దుర్మార్గుడు, ఆ మాట వాడే ఒప్పుకుంటాడు. మీ సంగతేమిటి? మణిభద్ర మహారాజుకి నిద్ర పట్టడం లేదని రాజవైద్యులంతా చేతులెత్తేసిన రోజున, ఎక్కడినుంచో ఊడిపడ్డ ఆ మనిషి, నిద్ర నేనిస్తాను, బదులుగా మీ నగరపు రాత్రి నాకివ్వండి అన్నప్పుడు, కొలువులో ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పారా? రాత్రి పోతే పోయింది, పగలు మన చేతిలోనే ఉందిగా అని మంత్రి సుబుద్ధి అంటే పట్టు తలపాగాలన్నీ ఒక్కసారి ఊగాయి. దీపాలు పెట్టిన వేళ నుంచి కోడి కూసేదాకా ఈ ప్రాకారం లోపల పాడిన ప్రతి గొంతూ మౌనభైరవుడి సొత్తు అని వాకిలి వాకిలికీ చాటింపు వేయించారు. మహారాజు ఆ రాత్రే గుర్రు పెట్టాడు. మీరూ సుఖంగా పడుకున్నారు. ఆ సుఖం ఎవరి నోరు కొట్టి తెచ్చుకున్నదో చూస్తారా? నగర ప్రాకారంలోని కుమ్మరి వాకిలి బయటికి రండి. అక్కడ కూలిన సత్రంలో బయ్యమ్మ కూర్చుని ఉంది. నోరు తెరిస్తే గాలి వస్తుంది. అంతే వస్తుంది.

బయ్యమ్మ కథకురాలు. కాలికి గజ్జె కట్టి, భుజాన తంబుర వేసుకుని నిలబడిందంటే సంత సంతంతా బేరాలు మానుకుని చుట్టూ మూగేది. పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడేది ఆమె చెల్లెలు నాంచారి. కథ చెప్పేవాళ్ళు ఒక చరణం పాడి ఆగుతారు. వంతవాళ్ళు దాన్ని అందుకుని, ప్రశ్న వేసో ఔనని పలికో తిరిగి అందిస్తారు. అప్పుడే కథ ముందుకి నడుస్తుంది. ఈ విషయంలో బయ్యమ్మ మహా మొండిది. ఒకసారి నాంచారికి జలుబు చేసి గొంతు పూడుకుపోతే, వంత అందేదాకా కదలనని గజ్జె కాలు పైకెత్తి కొంగలా నిలబడిపోయింది. చివరికి ఉప్పమ్ముకునే ముసలాయన ఒకడు సిగ్గుపడుతూ వంత అందుకున్నాక గానీ కాలు దించలేదు.

పున్నమినాడు ఆ అక్కాచెల్లెళ్ళు చాటింపు సంగతి తెలియక నగరానికి వచ్చారు. నాంచారి దివిటీకి నూనె తేవడానికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేలోపు బయ్యమ్మ పూలవాడలో నిలబడి ప్రార్థన ఎత్తుకుంది. ప్రార్థనకి వంత అక్కర్లేదు కదా. అది పూర్తి కాకుండానే మౌనభైరవుడి భటులు గొంతు లాగి కుండలో పోసి, మనిషిని వాకిలి బయటికి నెట్టేశారు.

ఈ రోజు అమావాస్య. రెండో జాము నగారా మోగగానే నగరంలోని ఆటశాలల్లో పాడిస్తున్న గొంతుకుండలన్నీ కోటకి చేరతాయి. మౌనభైరవుడు వాటిని ఒకే కొప్పెరలో పోసి కలిపేస్తాడు. కలిసిన గొంతు మళ్ళీ విడిపోదు. ఆ కలగలుపు గొంతుతో వాడు ఏం చెప్పినా, వినే ప్రతివాడికీ తన కన్నతల్లి చెప్పినట్టే ఉంటుందని చెప్పుకుంటున్నారు. నాంచారికి అంత దూరం ఆలోచించే ఓపిక లేదు. ఆమెకి కావలసింది ఒక్కటే. నగారా మోగేలోపు అక్క కుండ ఎక్కడుందో పట్టుకుని, వాకిలి దాటించి, అక్క నోటి దగ్గర మూత విప్పాలి.

తోడుగా వచ్చినవాడు హేమాంగదుడు, పొరుగున ఉన్న హంసావతీ రాజ్యానికి మూడో రాకుమారుడు. కిందటేడు అడవిలో దొంగలు తరిమితే బయ్యమ్మ అతన్ని తన వేషాల పెట్టెలో దాచి ప్రాణం కాపాడింది. కత్తి తిప్పడం వచ్చు, గుర్రం ఎక్కడం వచ్చు. పదిమందిలో పడి నడవడం మాత్రం రాదు. అతను అత్తరు వర్తకుడి వేషం కట్టాడు. నాంచారి అతని మూగ పనికత్తెగా, అత్తరు బుడ్ల ఇత్తడి పళ్ళెం నెత్తిన పెట్టుకుంది. నాలుక కింద ఏటి గులకరాయి ఒకటి పెట్టుకుంది. పొరపాటున పలుకు రాకుండా అది అడ్డు.

దీపాలు వెలిగించే వేళకి ఇద్దరూ కుమ్మరి వాకిలి చేరారు. మౌనభైరవుడి కర్ణభటులు అక్కడే ఉన్నారు. వాళ్ళ సొంత చెవుల చోట తామరాకులంత ఇత్తడి చెవులు. మనిషి ముఖం చూడరు. తల పక్కకి వంచి, ఎదుటివాడి ఊపిరి వింటారు. ఒకడు నాంచారి దగ్గరికి వచ్చి ఆ చల్లటి ఇత్తడిని ఆమె గొంతుకి దాదాపు ఆనించి నిలబడ్డాడు. ఆమె గుండె గుమ్మెటలా కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకే పట్టేస్తాడనుకుంది.

"పుట్టు మూగదండీ" అన్నాడు హేమాంగదుడు.

"ఈ మధ్య ఊళ్ళో మూగవాళ్ళు ఎక్కువైపోయారు" అన్నాడు భటుడు తీరిగ్గా. "ఇది ఏ బాపతు? పుట్టిందా, మేం చేసిందా?"

పక్కవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే వాడు ఉన్నట్టుండి గొంతెత్తి ఒక కథా చరణం పాడాడు. పాడి, సరిగ్గా వంత అందుకునే చోట ఆపేశాడు.

వాళ్ళ వల అది. మామూలు జనానికి ఆ ఆగడం ఏమీ కాదు, పాట అయిపోయిందనుకుని పోతారు. పుట్టినప్పటినుంచీ వంత పాడినవాళ్ళకి అలా కాదు. గాలిలో వదిలేసిన చరణం వాళ్ళకి చేయి జారి పడుతున్న పసిబిడ్డ లాంటిది. పట్టుకోకుండా ఉండలేరు. ఆ నెలలో అలా పట్టుకోబోయి ఎంతమంది వంతగాళ్ళు గొంతులు పోగొట్టుకున్నారో. నాంచారి నోరు తెరుచుకోబోయింది. నాలుక లేచింది. గులకరాయి అడ్డం పడింది. నోట్లో రక్తం రుచి తగిలింది. ఆమె వెర్రిదానిలా భటుడి ముఖంలోకి చూస్తూ నిలబడింది. వాడు కాసేపు విని, వేలితో వాకిలి చూపించాడు.

లోపలికి అడుగు పెడితే కళ్ళు చెదిరాయి. దీపమాలిని ఊరికే ఆ పేరు పెట్టుకోలేదు. మేడ మేడకీ దీపాల వరస, గవాక్షం గవాక్షానికీ రంగు గాజు లాంతరు, వీధి మధ్యన పారే కాలవలో ఆ వెలుగులన్నీ తలకిందులై వణుకుతూ ఇంకో నగరం. పూలవాడలో మొగలి రేకులు, మరువం, సంపెంగ గుట్టలుగా పోసి ఉన్నాయి. అద్దకాలవాడలో తడి చీరలు మేడల మధ్య పందిరిలా వేలాడుతూ, కింద నడిచే జనం నెత్తిన ఎర్రని, నీలి చుక్కలు రాలుస్తున్నాయి. మిఠాయి వీధిలో బూరెల మూకుళ్ళు, దానిమ్మ రసం తీసే మర, ఒంటెల మీద ఊరేగే మేనాలు, వాటిలోంచి తొంగి చూసే ముత్యాల ముక్కెరలు. వేషగాళ్ళవాడలో గుమ్మానికి ఒక ఆటశాల. కొన్ని ఎంత చిన్నవంటే, మెట్ల కింద అరలో చాప పరిస్తే అదే ఆటశాల. కొన్ని గుర్రపుశాలలో, కొన్ని మిద్దె మీద, ఒకటైతే పాత పడవని బోర్లించి దాని పొట్టలో.

అందం ఇంతే. ఇక వినండి, లేదా వినబడనిదేమిటో చూడండి. అంత నగరంలో ఒక్క కూనిరాగం లేదు. పూలమ్మే ఆడవాళ్ళు కేక వేయరు, చెక్కపలకలు తట్టి పిలుస్తారు. చంకలో ఏడ్చే బిడ్డకి తల్లి జోల పాడదు, నోరు గట్టిగా మూసుకుని వీపు తడుతుంది. మాట్లాడుకునేవాళ్ళు మాటకి రాగం తగిలితే ఎక్కడ పాట అనుకుంటారోనని కోసి కోసి పొడిగా మాట్లాడుతున్నారు. నవ్వుని కూడా అదుపులో పెట్టుకుంటున్నారు. జనం కిక్కిరిసి ఉన్నారు, తింటున్నారు, కొంటున్నారు, ఆటలు చూస్తున్నారు. భయం అందరి మెడల్లోనూ కొయ్యలా దిగబడి ఉంది.

మెట్ల కింద అరలో తోలుబొమ్మలాట జరుగుతోంది. నాంచారి వంగి చూసింది. తెర వెనక బొమ్మలాడించే మొగుడూ పెళ్ళాం కనబడ్డారు. తెర ముందు ఎర్రగుడ్డ కట్టిన కుండ ఒకటి. పాట కుండలోంచి వస్తోంది. బొమ్మలాడించేవాడు ఆ పాటకి పెదవులు కదుపుతున్నాడు. ఆ గొంతు ఒకప్పుడు అతనిదే. చరణం చరణానికీ ముందే అతని నోరు తెరుచుకుంటోంది, ఏమీ రాకుండా మూసుకుంటోంది. పెళ్ళాం ఏడుస్తూ బొమ్మ చేయి ఊపుతోంది. ముందు కూర్చున్నవాళ్ళు తాంబూలం నములుతూ చూస్తున్నారు. ఆట అయిపోగానే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నాంచారి ఒళ్ళు జలదరించింది. అక్క గొంతు కూడా ఇలాగే ఏ మూలనో కూర్చుని పాడుతోందేమో, ఇలాగే దానికీ చప్పట్లు కొడుతున్నారేమో.

గుర్రపుశాలలో విన్నారు. పడవలో విన్నారు. ఏ కుండలోనూ బయ్యమ్మ లేదు. మొదటి జాము గడిచిపోతోంది. ఇలా ఆటశాల ఆటశాలకీ తిరిగితే తెల్లారినా తేలదని నాంచారికి అర్థమైంది.  హేమాంగదుడు ఆమెని ఒక పూటకూళ్ళ ఇంటి అరుగు దగ్గరికి తీసుకెళ్ళాడు. తినేవాళ్ళ దగ్గర కబుర్లు దొరుకుతాయన్నాడు. ఆ మాట వరకు తెలివిగానే ఉంది. అరుగు మీద కూర్చుని రాకుమారుడు ఏం చేశాడనుకున్నారు? అలవాటు చొప్పున రెండు కాళ్ళూ ముందుకి చాపి, ఎవరో వచ్చి కడుగుతారని ఎదురుచూశాడు.

పూటకూళ్ళమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఏమయ్యా అత్తరాయనా, కాళ్ళు చాపావు. తాకట్టు పెడతావా?" అంది.

అరుగు మీద తలలన్నీ ఇటు తిరిగాయి. వీధి చివర ఇత్తడి చెవి ఒకటి మెరిసింది. నాంచారి చటుక్కున నీళ్ళ చెంబు అందుకుని, యజమానికి రోజూ చేసే పనే అన్నట్టు అతని కాళ్ళ మీద పోసి కడిగింది. ఆ తొందరలో సగం నీళ్ళు అతని ఒళ్ళో పడ్డాయి. జనం నవ్వారు. పూటకూళ్ళమ్మ, మూగదానితో పాదసేవ చేయించుకునే ఈ మహారాజెవరమ్మా అని మూతి తిప్పుకుని లోపలికి పోయింది. మెరిసిన చెవి పక్క వీధిలోకి తిరిగింది.

ఆ నవ్వుల్లోనే కబురు దొరికింది. పక్కన మినపట్లు తింటున్న సాలెవాడు, గానుగవాడు గొంతు తగ్గించి సణుక్కుంటున్నారు. దిగుడుబావి ఆటశాలకి వెళ్ళి మోసపోయామని సాలెవాడి బాధ. పున్నమి నుంచీ అక్కడ కొత్త కుండ పెట్టారట. గొంతు అమృతమట. అయినా లాభం లేదట.

"ఒక్క చరణం పాడి ఆగిపోతుంది" అన్నాడు సాలెవాడు. "బతిమాలినా అంతే, తన్నినా అంతే. మళ్ళీ అదే చరణం, మళ్ళీ అక్కడే ఆగడం. దానికంటే మా ఇంటిది నయం. ఎప్పుడూ ఆగదు."

నాంచారి చేతిలోంచి చెంబు జారిపోయింది. అక్క. గొంతు ఊడబెరికి కుండలో పోసినా, మాంత్రికుడి కట్టు కట్టినా, వంత అందందే కదలనంటోంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, వెంటనే ఆ రెంటినీ తొక్కేస్తూ భయం వచ్చింది. అంత మొండి కుండని అక్కడే ఎందుకు ఉంచారు? దాని వంత ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుందని కాచుకుని కూర్చున్నారు కాబట్టి. ఆమె హేమాంగదుడి అరచేతిలో వేలితో బావి గీసి, కుండ గీసి చూపించింది. అతనికి అర్థమైంది. ఆట ముగిసి దీపాలార్పే తొక్కిసలాటలో కుండ తాను ఎత్తుకుంటానని, ఏం విన్నా నోరు మెదపొద్దని చెవిలో చెప్పాడు. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడాన్ని ఆమే నమ్మలేదు.

దిగుడుబావి అద్దకాలవాడకి వెనక ఉంది. ఏనాడో ఎండిపోయింది. మెట్లు నాలుగు వైపులా అంచెలంచెలుగా భూమిలోకి దిగుతాయి. జనం ఆ మెట్ల మీదే కూర్చుంటారు. గోడల గూళ్ళలో ప్రమిదలు. అడుగున, నీళ్ళుండాల్సిన చోట రాతి తిన్నె మీద కుండ. ఆ లోతులో ఊపిరి తీస్తే నాలుగు గోడలూ తిరిగి ఊపిరి తీస్తాయి. జనం పెద్దగా లేరు. ఉన్నవాళ్ళలో తలగుడ్డలు చెవుల మీదికి లాక్కున్నవాళ్ళు ఎక్కువగా కనబడ్డారు. ఆ గుడ్డల కింద ఇత్తడి ఉందని నాంచారికి చూడగానే తెలిసింది. అప్పటికి సగం మెట్లు దిగేశారు. వెనక్కి తిరిగితే అనుమానం. ముందుకి దిగితే వాళ్ళ మధ్యకే. ఆమె కాళ్ళు ఆమెని అడక్కుండానే దిగాయి. పళ్ళెం పక్కన దించుకుని ఒక మెట్టు మీద కూర్చుంది.

ఆటశాల యజమాని చేతి బెత్తంతో కుండ నడుము మీద కొట్టాడు. కుండ పాడింది.

ఏటి అవతల దీపమొక్కటి గాలిలోన ఊగుతున్నది...

అక్క గొంతే. ఆ చివర చిన్న జీర కూడా అక్కదే. చరణం గోడలకి తగిలి తిరిగి వచ్చి, ఆగింది. ఎవరూ పలకలేదు. బెత్తం పడింది. మళ్ళీ అదే చరణం, ఈసారి కొంచెం నీరసంగా. ఆగింది. నాంచారి గులకరాయిని దవడల మధ్య పెట్టి కొరికింది. మళ్ళీ బెత్తం. మళ్ళీ చరణం. పాడి పాడి అరిగిపోయినట్టు ఉంది గొంతు. గజ్జె కాలు పైకెత్తి, కింద పెట్టడానికి వీల్లేక వణికిపోతున్న అక్క కళ్ళ ముందు నిలబడింది. నాంచారి తన కుడి అరచెయ్యి మోకాలి మీద గుమ్మెట దెబ్బ వేస్తోందని గమనించేలోపే రాయి నోట్లోంచి జారి మెట్ల మీద టకటకమని దొర్లింది. ఆ వెనకే, బావంతా నిండిపోయేలా ఒక గొంతు వినబడింది. ఎవరో వంత అందుకున్నారే, చచ్చారు పాపం, అనుకుంది.

"ఎవరి దీపమే అక్కా, ఎవరి దీపమే."

అది తన గొంతే.

కుండ తుళ్ళిపడింది. ఎర్రగుడ్డ పొంగింది. రెండో చరణం అందులోంచి వరద నీటిలా లేచింది. లేస్తూనే కుండ తిన్నె మీంచి దొర్లి, మెట్టు మీద మెట్టు ఎగిరి ఎక్కుతూ, తన వంత ఎక్కడుందో తెలిసినదానిలా వచ్చి నాంచారి ఒళ్ళో పడింది. తలగుడ్డలన్నీ ఒక్కసారి ఊడిపడ్డాయి. ఏ వైపు చూసినా ఇత్తడి. కర్ణభటులు మాట్లాడలేదు, తొందరపడలేదు. చుట్టూ లేచి నిలబడి ఆమె ఊపిరి వైపు నడిచారు.

హేమాంగదుడు కత్తి దూయలేదు. ఆమె పక్కనున్న ఇత్తడి పళ్ళెం లాక్కుని, ఉన్న బలమంతా పెట్టి రాతి మెట్ల మీద కొట్టాడు. ఆ ఖంగుమనే చప్పుడు నాలుగు గోడల మధ్య పడి పది పిడుగులైంది. మామూలు చెవులవాళ్ళే విలవిల్లాడారు. తామరాకులంత చెవులున్నవాళ్ళ గతి చెప్పేదేముంది, మెట్ల మీద పడి దొర్లారు. బుడ్లు పగిలి అత్తరు ప్రమిదల మీద చింది భగ్గుమంది. ఆ మంటల వెలుగులో అడుగున నీటి తూము నోరు కనబడింది. ఇద్దరూ దూరారు.

తూములో పాకుతుంటే కుండ పాడుతూనే ఉంది. చరణం ముగించి వంత కోసం ఆగింది. వెనక భటుల అరుపులు తూములోకి దిగుతున్నాయి.

"ఇప్పుడు కాదు అక్కా, నీకు దండం పెడతా" అని కుండని రొమ్ముకి అదుముకుంది నాంచారి. వంత అందించకపోతే కుండ ఊరుకుంటుంది. అదొక్కటే దాన్ని ఊరుకోబెట్టే దారి. పుట్టి బుద్ధెరిగాక అక్క చరణాన్ని ఆమె కావాలని నేల పడేయడం అదే మొదలు.

తూము అద్దకాలవాడలో నీలిమందు తొట్టిలో తేలింది. నెత్తి నుంచి కాలి దాకా నీలమై పైకి లేచారు. తడి చీరల పందిరి కింద పరుగెత్తారు. ఎదురుగా భటులు, వెనక భటులు. పక్క మేడకి నిచ్చెన ఉంటే ఎక్కారు. ఆ మిద్దె మీద కవుల గది. దీపమాలినీ నగరపు కవులు పాడితే గొంతు పోతుందని ఇసుక పళ్ళాల మీద వేలితో పద్యాలు రాసి ఒకరికొకరు చూపించుకుని, తలలాడించి, చెరిపేసుకుంటున్నారు. ఒళ్ళంతా నీలం కారుతూ, కుండ పట్టుకుని, రొప్పుతూ వచ్చిన ఆడమనిషిని అందరూ చూశారు. నాంచారి కుండని చంకలో ఇరికించుకుని చేతులు జోడించింది. నీళ్ళు కావాలని, దారి చూపమని, కాసేపు తలుపు వేయమని సైగ చేసింది. పెద్దకవి తన ముందున్న దీపం ఊదేశాడు. పక్కవాడూ ఊదాడు. అందరూ ఒకరి తరవాత ఒకరు ఊదేసుకున్నారు. మేం ఏమీ చూడలేదు అని చెప్పడం అది. ఆ చీకట్లో తడుముకుంటూ మెట్లు దిగుతుంటే నాంచారికి కర్ణభటుల కంటే ఆ ఊదిన పెదవులే ఎక్కువ భయం పుట్టించాయి.

వీధిలో పడ్డాక కుక్క ఒకటి వాళ్ళ మీదికి మొరుగుతూ వచ్చింది. ఉన్నట్టుండి దాని మొరుగు వినబడలేదు. నోరు తెరుస్తోంది, మూస్తోంది, మెడ బిగిస్తోంది. చప్పుడు మాత్రం లేదు. కాలవలో నీళ్ళు పడుతున్నాయి, చప్పుడు లేదు. హేమాంగదుడు ఆమె వైపు తిరిగి ఏదో అరిచాడు. అతని పెదవులే కదిలాయి. ఆమె తన గుండె చప్పుడు కోసం విన్నది. అదీ లేదు. బతికే ఉన్నానా అని భయపడి గుండె మీద చేయి వేసి చూసుకుంది.

వీధి మలుపులో మౌనభైరవుడు నడిచి వస్తున్నాడు. పుర్రెల దండ లేదు, జడలు లేవు, ఎర్రటి కళ్ళు లేవు. ఉతికిన తెల్ల పంచె, పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా చిరునవ్వు. ఉత్త కాళ్ళు. అతను ఎంత దూరం వస్తే అంత దూరం చప్పుడు చచ్చిపోతోంది. పరుగెత్తడం లేదు. అవసరం లేదు. నగరపు రాత్రంతా అతనిది.

ఇద్దరూ పరుగు లంకించుకున్నారు. పరుగెత్తి పరుగెత్తి ఆ నిశ్శబ్దపు అంచు దాటారు. దాటగానే చెవుల్లోకి లోకం మళ్ళీ దూకింది, రొప్పు, అడుగులు, దూరంగా భటుల కేకలు. ఎదురుగా కుమ్మరి వాకిలి. మూసి ఉంది. రెండు తలుపులకీ అడ్డంగా ఏనుగు నడుమంత దూలం. రాత్రి దాన్ని దించేది మౌనభైరవుడి మంత్రం. తెల్లవారి ఎత్తాల్సింది కుమ్మరి వీధి జనం, ఇంటిల్లిపాదీ కలిసి, రోజూ. హేమాంగదుడు భుజం ఆనించి ఎత్తబోయాడు. భుజం కీలు పటుక్కుమంది. దూలం వెంట్రుకవాసి కదల్లేదు. పైన బురుజు మెట్ల మీద దివిటీ ఒకటి ఎక్కుతోంది. నగారావాడు. ఆ తలుపుల అవతల, అరిస్తే వినబడేంత దగ్గరలో, బయ్యమ్మ.

నాంచారి వెనక్కి తిరిగింది. కుమ్మరి వీధి జనమంతా గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. మొగవాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. చేతులకి ఆరిపోయిన బంకమట్టి. ఎవరూ దగ్గరికి రాలేదు. ఎవరూ లోపలికీ పోలేదు. వాళ్ళ వెనక, వీధి ఆ చివర, గాలికి కొట్టుకుంటున్న కిటికీ తలుపు చప్పుడు ఆగిపోయింది. తరవాత ఒక బిడ్డ ఏడుపు మధ్యలో తెగిపోయింది. తరవాత ఆవు మెడలో గంట. ఇల్లు తరవాత ఇల్లు మూగబోతూ ఇటే వస్తోంది.

ఎన్నడూ ముందు నిలబడి మాట ఎత్తుకోలేదు నాంచారి. ఎవరో అన్నది అందుకోవడమే ఆమె పని.   కుండని పైకెత్తి అందరికీ కనబడేలా పట్టుకుంది.

"ఇది ఎవరు చేశారప్పా? సారె మీద పెట్టి తిప్పింది ఏ చెయ్యి? ఇందులో ఏం పోస్తారో మీకు తెలీదా? తెలిసే చేసినారు. భయపడి చేసినారు. నాకూ భయంగానే ఉండాది, చూడండి, చెయ్యి నిలవట్లా. మా యక్క ఆ తలుపు అవతల నోరు తెరుచుకుని కూచోనుంది."

గుమ్మంలో ఒక ముసలామె మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆమె ఇంటి ముందున్న కుక్క మొరగడం ఆగిపోయింది. దాని నోరు ఇంకా కదులుతూనే ఉంది. బురుజు మీద దివిటీ పైమెట్టు చేరింది.

"పాడమని అడగట్లా మిమ్మల్ని. కత్తులు పట్టమని అడగట్లా. రోజూ తెల్లారి ఎత్తే దూలమే ఇది. తెల్లారిందాకా ఆగితే ఎత్తీ లాభం ల్యా. గుమ్మాలు దిగండి. ఈ మాట మీకు వినబడతా ఉండంగానే దిగండి. దూలం కింద చెయ్యి పెట్టి, ఎత్తండి."